నలుగురు కలిసి రాసిన పుస్తకం: బరంపురంలో అచ్చు వేసి అమ్ముకోవడం ఎలా?

బరంపురంలో ఉద్యోగం చేసుకుంటూ తెలుగులో కథలు రాసేవాళ్లకు అసలు కష్టం రాసేటప్పుడు ఎదురుకాదు. పుస్తకం చేతికొచ్చాక, దాన్ని ఎవరికి అమ్మాలన్న దగ్గర మొదలవుతుంది. హైదరాబాదు, విజయవాడ పుస్తకాల దుకాణాలు దూరం. ఊళ్లో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలానే ఉన్నా, పిల్లలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటున్నారు కాబట్టి తెలుగు అక్షరం చదవగలిగేవాళ్లు తరానికి తరం తగ్గుతున్నారు. ఒక్కరే రాసి, ఒక్కరే డబ్బు పెట్టి ఐదువందల ప్రతులు వేయించుకుంటే వాటిలో ఎక్కువ భాగం అటకెక్కుతాయి.

నలుగురు మిత్రులు కలిస్తే ఈ లెక్క మారుతుంది. ఖర్చు నాలుగు వాటాలు కావడం అందులో చిన్న లాభం. పెద్ద లాభం పరిచయాలది. బ్యాంకులో పనిచేసే మిత్రుడిని ఎరిగినవాళ్లు వేరు, రైల్వే క్వార్టర్సులో ఉండే మిత్రుడిని ఎరిగినవాళ్లు వేరు. బడిలో చదువు చెప్పే మిత్రురాలి పాత విద్యార్థులు వేరు, మందుల కంపెనీ పనిమీద ఇచ్ఛాపురం, సోంపేట, పలాస తిరిగే మిత్రుడి స్నేహాలు వేరు. ఈ నాలుగు గుంపులూ ఒక పుస్తకం చుట్టూ చేరతాయి. చేరేలా చూసుకోవాలంటే పనుల వరస మార్చాలి: ముందు మిత్రుల మధ్య కాగితం, తర్వాత పాఠకుల పేర్లు, ఆ పేర్లను బట్టి అచ్చు.

ఇదే ఊళ్లో, పక్క భాషలో

కలిసి పుస్తకాలు వేయడం ఈ ఊరికి కొత్త కాదు. తాపీ ధర్మారావు 1887లో బరంపురంలోనే పుట్టారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి దగ్గర చదువుకున్నారు. 1910 ప్రాంతంలో కొందరు మిత్రులతో కలిసి బరంపురంలో వేగుచుక్క గ్రంథమాల పెట్టారు. అప్పటికి గంజాం మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. దేవరాజు వేంకటకృష్ణారావు రాసిన డిటెక్టివ్ నవల ‘వాడే వీడు’ వేగుచుక్క ప్రచురణే. తెలుగులో డిటెక్టివ్ నవల అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న రోజులవి.

వేగుచుక్క మిత్రుల పనిలో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. వాళ్లు జనం ఆత్రంగా చదివే రకం కథను వదిలిపెట్టలేదు. పుస్తకానికో పేరు పెట్టి ఊరుకోకుండా, వరసగా వచ్చే పుస్తకాలన్నిటికీ కలిపి ఒక మాల పేరు పెట్టారు. ఒక పుస్తకం నచ్చినవాడు అదే పేరు చూసి రెండోది కొంటాడు. ఆ కాలపు గ్రంథమాలలకు చందాదారులుండేవారు. అంటే అచ్చు కాకముందే కొనేవాళ్లెవరో తెలిసేది. ఇప్పుడు ముందస్తు బుకింగ్ అంటున్నది ఆ పాత పద్ధతినే.

కలిసి రాయడానికి ఒడియాలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఒడియా సాహిత్యంలో సబుజ యుగం అనే కాలపు యువ రచయితలు తొమ్మిదిమంది కలిసి ‘బాసంతి’ నవల రాశారు. అది 1924 నుంచి 1926 దాకా ‘ఉత్కళ సాహిత్య’ పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1931లో పుస్తకమైంది. కాళిందీచరణ్ పాణిగ్రాహి, అన్నదాశంకర్ రాయ్, సరళాదేవి వాళ్లలో కొందరు. తొమ్మిదిమందిలో ముగ్గురు స్త్రీలు. చదువుకోవాలనుకునే ఒక అమ్మాయి కథను తలో చెయ్యీ వేసి నడిపారు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, 2019లో, అది ఇంగ్లీషులోకీ వెళ్లింది. ముందు సీరియల్, తర్వాత పుస్తకం అన్న వాళ్ల వరస ఈనాటికీ మంచిదే. సీరియల్ నడిచేటప్పుడే పాఠకులు పోగవుతారు.

మీది ఏ రకం పుస్తకం?

మిత్రులు కలిసి వేసే పుస్తకాలు మూడు రకాలు. ఎవరి కథ వాళ్లు రాసి ఒక అట్ట కింద పెట్టేది సంకలనం. తలో అధ్యాయం రాసి ఒకే కథ నడిపేది గొలుసు నవల. అందరూ కూచుని వాక్యం వాక్యం కలగలిపి, ఎవరు ఏది రాశారో చెప్పలేనట్టు తయారుచేసేది మూడోది. హక్కుల లెక్క మూడింటికీ ఒకటి కాదు కాబట్టి, మీది ఏదో మొదటిరోజే తేల్చుకోవాలి.

1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఒకరి భాగాన్ని ఇంకొకరి భాగం నుంచి విడదీసి చూపలేనప్పుడే అది ఉమ్మడి రచన. సంకలనంలో ఎవరి కథ మీద హక్కు వాళ్లదే. రేపు ఇంకో సంకలనానికి ఇచ్చుకోవచ్చు, షార్ట్ ఫిల్మ్ తీస్తామని ఎవరైనా వస్తే ఆ రచయితే మాట్లాడుకోవచ్చు. మూడో రకంలో అందరూ యజమానులే. మిగతావాళ్ల ఒప్పుదల లేకుండా ఒక్కరి సంతకంతో అనువాద హక్కో సినిమా హక్కో ఇవ్వడం కుదరదు. హక్కు ఎంతకాలం అన్నదీ మారుతుంది. విడి కథకు ఆ రచయిత పోయాక 60 ఏళ్లు. ఉమ్మడి రచనకు అందరిలోకీ చివర పోయినవారి తర్వాత 60 ఏళ్లు.

చిక్కంతా గొలుసు నవలతోనే. అధ్యాయం ఎవరిదో తెలుసు, కానీ అది విడిగా నిలబడదు. పాత్రలు ఒకరు పుట్టిస్తే ఇంకొకరు పెంచుతారు. మూడో అధ్యాయం రాసిన మిత్రుడు ఆ నాయికతోనే సొంతంగా ఇంకో నవల రాస్తానంటే ఏం చేస్తారు? చట్టం నేరుగా జవాబు చెప్పని ఇలాంటి ప్రశ్నలకు మీ ఒప్పందమే జవాబు చెప్పాలి.

పేరు గురించీ తేల్చుకోండి. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రి 1920లో కన్నుమూశాక కూడా చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి జంట పేరుతోనే రాశారు. అంతటి గురి అందరికీ ఉండదు. అందరి పేర్లూ వేస్తారా, ఒక కలం పేరు పెడతారా, పెడితే ఒకరు తప్పుకున్నాక ఆ పేరు ఎవరిది? అట్ట మీద పేర్ల వరస అక్షరక్రమంలో పెట్టుకుంటే పేచీ ఉండదు.

ఒక పేజీ కాగితం

స్నేహం మీద నమ్మకం లేక రాసుకునే కాగితం కాదిది. రెండేళ్ల తర్వాత ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు కాబట్టి రాసుకునేది. వకీలు భాష అక్కర్లేదు. తేదీ వేసి, అందరూ సంతకం చేసి, తలా ఒక ప్రతి ఉంచుకోండి. ఈ విషయాలు తప్పకుండా ఉండాలి:

1. పుస్తకం ఏ రకం, ఎవరి కథ లేదా అధ్యాయం ఏది.
2. ఎవరు ఎంత డబ్బు పెడుతున్నారు. అమ్మకం డబ్బులో ముందు పెట్టుబడి తిరిగి ఇస్తారా, మొదటినుంచీ సమానంగా పంచుతారా.
3. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, లెక్క ఎవరు రాస్తారు, ఎన్నాళ్లకోసారి చూపిస్తారు.
4. చివరి దిద్దుబాటు మాట ఎవరిది.
5. గడువుకు రాత అందకపోతే ఏం చేస్తారు: ఆగుతారా, ఆ కథ లేకుండా వెళతారా.
6. రెండో ముద్రణ, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా హక్కులకు ఎంతమంది ఒప్పుకోవాలి.
7. మధ్యలో ఒకరు తప్పుకుంటే వాళ్ల రాత, వాళ్ల డబ్బు, వాళ్ల పేరు ఏమవుతాయి.
8. ఉమ్మడి పాత్రల్ని, ఉమ్మడి కలం పేరును ఎవరు వాడుకోవచ్చు.

హక్కులు బయటివాళ్లకు ఇచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. హక్కు బదిలీ సంతకం చేసిన రాతలో ఉండాలి. అందులో కాలం రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశమంతటికీ ఇచ్చినట్టుగా చట్టం లెక్కవేస్తుంది. అవతలివాళ్లు తెచ్చిన కాగితంలో ఈ రెండు గళ్లూ ఖాళీగా వదలొద్దు. కాపీరైటు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినప్పటినుంచే హక్కు మీది. తగాదా వస్తే సాక్ష్యంగా పనికొస్తుందనుకుంటే చేయించుకోవచ్చు, సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు.

రాత, దిద్దుబాటు

గొలుసు నవలకు ముందే ఒక పాత్రల పుస్తకం తెరవండి. పేర్లు, వయసులు, ఇంటి వరసలు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, కథ ఏ నెలలో మొదలైంది. మూడో అధ్యాయంలో ‘మావయ్య’ ఆరో అధ్యాయంలో ‘బాబాయి’ అయిపోతే పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. ఒక్కొక్కరికి రెండు వారాల గడువు పెట్టుకుంటే ఉద్యోగాల మధ్య సాగుతుంది. ఒక అధ్యాయం ముగించిన చోటు తర్వాతివాళ్లకు తలుపు తెరిచేలా ఉండాలి. చమత్కారం కోసం నాయికను చంపేసి ఇవ్వకూడదు.

రాసిన నలుగురిలో ఎవరూ చివరి ఎడిటర్‌గా ఉండకపోవడం మేలు. మిత్రుడి వాక్యం కొట్టేయడానికి చెయ్యి రాదు. బయటి మనిషి, నిక్కచ్చిగా చెప్పే పాత మాస్టారైనా సరే, ఒకరిని అడగండి. ఉత్తపుణ్యానికి అడగొద్దు, ఎంతో కొంత ఇవ్వండి. డబ్బు తీసుకున్న మనిషికి కొట్టేసే హక్కు వస్తుంది.

భాష దగ్గర మొహమాటపడొద్దు. ఒడియా మాటలు కలిసిన బరంపురం తెలుగు, ఉత్తరాంధ్ర యాస మీ పుస్తకానికి బలం. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది ఒకప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఉండే. పట్టు నేసే దేరా వీధుల మాట, గోపాలపూర్ జాలర్ల మాట పుస్తకం తెలుగులోకి మార్చేస్తే, ఈ పుస్తకం విజయవాడలోనూ రాయగలిగేదైపోతుంది. ఒడియా మాటకు అర్థం పక్కనే కుండలీకరణాల్లో ఇవ్వకుండా, సందర్భంలోనే తెలిసేలా రాయండి.

పాత్రల పోలికల విషయంలో మాత్రం జాగ్రత్త. చిన్న ఊళ్లో ఫలానా శాఖ మేనేజరు అంటే ఎవరో అందరికీ తెలుస్తుంది. పేరు మారిస్తే చాలదు. పదవి, వీధి, కుటుంబం మూడింటిలో కనీసం రెండు మార్చండి. సినిమా పాటల చరణాలు యథాతథంగా వేయకండి, వాటికి హక్కుదారులున్నారు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమాల ప్రకారం కేవల సాహిత్య రచనకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. పుస్తకంలోని అభిప్రాయాలు సొంతమని స్పష్టం చేయాలి. ఆఫీసు పనికి దెబ్బ తగలకూడదు. రైల్వే ఉద్యోగులకు 1966 నియమాలు, ఒడిశా ప్రభుత్వ ఉద్యోగులకు 1959 నియమాలు వేరే ఉన్నాయి. బ్యాంకులకు, ప్రైవేటు కంపెనీలకు ఎవరి పద్ధతులు వాళ్లవి. మీకు వర్తించేది ఏదో తీసి చదవండి. రాయడానికి ఉన్న వెసులుబాటు అమ్మకానికీ ఉందనుకోవద్దు. పుస్తకాలు అమ్మి డబ్బు తీసుకోవడం వ్యాపారం కింద చూసే చోటు ఉండొచ్చు. పుస్తకం బయటికి రాకముందే పై అధికారికి ఒక సమాచార లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంటే తర్వాత నిద్ర పడుతుంది. ఆఫీసు కంప్యూటరులో కథ టైపు చేయకండి, ఆఫీసు మెయిలులో ప్రూఫులు పంపకండి. వచ్చిన వాటా ఎంత చిన్నదైనా ఎవరి ఆదాయపు పన్ను లెక్కలో వాళ్లు చూపించాలి.

అచ్చుకు ముందు

టైపు యూనికోడ్‌లోనే చేయండి. తెలుగు డీటీపీలో ఇప్పటికీ అను ఫాంట్ల వాడకం ఎక్కువ. డీటీపీవాళ్లు మీ యూనికోడ్ రాతను అందులోకి మారిస్తే ఒత్తులు, పొల్లులు కొన్ని తప్పిపోతాయి. మార్చిన తర్వాత మళ్లీ మొదటినుంచి ప్రూఫు చూడాలి. యూనికోడ్‌లోనే పేజీలు కట్టగలిగేవాళ్లు దొరికితే ఈబుక్‌కూ అదే ఫైలు పనికొస్తుంది. మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఏ ఫాంటయినా ఒక పేజీ కాగితం మీద తీయించి, అరవై దాటిన ఒకరితో చదివించి, ఆ తర్వాతే ఖాయం చేయండి. మీ పాఠకుల్లో ఎక్కువమంది వయసు అదే.

ప్రూఫులు మూడు విడతలు చూడాలి. ఎవరి కథను వాళ్లు చూసుకోవద్దు, మార్చుకోండి. సొంత తప్పు సొంత కంటికి కనిపించదు. గంజాం ఊళ్ల పేర్లు పుస్తకమంతటా ఒకే తీరున ఉండాలి. ఒకచోట బరంపురం, ఇంకోచోట బ్రహ్మపూర్ అని రాయొద్దు. పాత్ర నోట వచ్చే మాటయితే వేరే సంగతి.

ఐఎస్‌బీఎన్ కొనుక్కోనక్కర్లేదు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ రచయితలకూ ప్రచురణకర్తలకూ ఉచితంగా ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈబుక్‌కు ఇంకోటి కావాలి. నంబరు రావడానికి సమయం పడుతుంది కాబట్టి రెండో ప్రూఫు నాటికే దరఖాస్తు పెట్టండి. డబ్బు తీసుకుని నంబరు ఇప్పిస్తామనే సంస్థలు తమ పేరును ప్రచురణకర్తగా పెడుతున్నాయేమో చూసుకోండి. మీ మాలకు మీరే పేరు పెట్టుకుని ఆ పేరుమీదే తీసుకోండి. పుస్తకం రెండో పేజీలో ప్రచురణ నెల, ప్రతుల సంఖ్య, వెల, హక్కులు ఎవరివి, ముద్రణ ఎక్కడ, ‘ప్రతులకు’ అన్నచోట ఒక ఫోను నంబరు ఉండాలి. ఆ నంబరు ఇంటిది కాకుండా పుస్తకం కోసమే తీసుకున్న సిమ్ అయితే సుఖం.

ఎన్ని ప్రతులు, ఎంత వెల?

ఇక్కడ ఒక ఊహ లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే; మీరు కనీసం మూడు ముద్రణాలయాల్లో ధర కనుక్కుని మీ అంకెలు పెట్టుకోండి. డెమీ సైజులో 160 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు పది. 200 ప్రతులు. అచ్చు, బైండింగు ప్రతికి 80 చొప్పున 16,000. టైపు, ప్రూఫు, ఎడిటరు, అట్ట బొమ్మ కలిపి 12,000. మొత్తం 28,000, ప్రతికి 140 పడింది. నలుగురికి తలా 7,000.

వెల 200 పెట్టారనుకుందాం. నేరుగా అమ్మితే ప్రతికి 60 మిగులుతుంది. దుకాణానికి 40 శాతం తగ్గించి ఇస్తే మీకొచ్చేది 120, ప్రతికి 20 నష్టం. గ్రంథాలయాలకు, సమీక్షలకు, రచయితల సొంతానికి 30 ప్రతులు పోతాయి. మిగిలిన 170లో 120 నేరుగా అమ్మితే 24,000, దుకాణాల ద్వారా 50 అమ్మితే 6,000. చేతికొచ్చింది 30,000, పెట్టింది 28,000. ఈ లెక్కలో పుస్తకాన్ని నిలబెట్టింది నేరుగా అమ్మిన ఆ 120 ప్రతులే.

120ని నలుగురికి పంచితే తలా 30. అంటే ప్రతి రచయితా 200 రూపాయలు పెట్టి కొనే ముప్ఫైమంది పేర్లు కాగితం మీద రాయగలగాలి. రాయలేకపోతే 200 వేయకండి, 100 వేయండి. డిజిటల్ ముద్రణలో తక్కువ ప్రతులకు ప్రతి ధర పెరుగుతుంది గానీ అటక మీద డబ్బు కూచోదు. ఐదువందలు వేస్తే ప్రతి ధర బాగా తగ్గుతుందని ముద్రాపకుడు చెప్పేది నిజమే. అమ్ముడుపోని మూడువందల ప్రతుల ఖర్చు మాత్రం ఆయన లెక్కలో ఉండదు. అచ్చు పుస్తకాల అమ్మకం మీద జీఎస్టీ లేదు కాబట్టి అట్ట మీద వేసిన వెలే చివరి వెల.

ముప్ఫై పేర్లు

పేర్లు రాసేటప్పుడు నలుగురూ కలిసి కూచోండి. ఒకే మనిషి పేరు ముగ్గురి జాబితాల్లో ఉంటే ఒకరికే లెక్క. దగ్గరి చుట్టాల పేర్లు ముందే పక్కన పెట్టండి. వాళ్లు పుస్తకం తీసుకుంటారు గానీ డబ్బివ్వాలన్న సంగతి వాళ్లకు తోచదు, అడగడానికి మీకు నోరు రాదు. మిగిలినవాళ్లలో బరంపురంలో ఉన్నవాళ్లెవరు, శ్రీకాకుళం జిల్లావాళ్లెవరు, బయట స్థిరపడ్డవాళ్లెవరు అని మూడు భాగాలు చేయండి. రైల్వే పనులతో ఖరగ్‌పూర్, ఉక్కు కర్మాగారాలతో రూర్కెలా, భిలాయ్, జంషెడ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలు మూడో భాగంలోకి వస్తాయి. సొంత ప్రాంతపు కథ కోసం అందరికన్నా ఆత్రంగా చూసేది వాళ్లే.

వాట్సాప్ గుంపుల్లో ‘మా పుస్తకం వచ్చింది, కొనండి’ అని అట్ట బొమ్మ పడేస్తే దండాలు, పూలు వస్తాయి, డబ్బు రాదు. బ్రాడ్‌కాస్ట్ జాబితా మేలు. అందులో ఒకేసారి 256మందికి పంపొచ్చు, అందుకున్నవారికి అది విడి ఉత్తరంలా చేరుతుంది. ఒక్కటే షరతు: మీ నంబరు వాళ్ల ఫోనులో సేవ్ అయి ఉండాలి. పంపేది కూడా తలా ఒక తీరుగా ఉండాలి. బ్యాంకు మిత్రుడు తనవాళ్లకు బ్యాంకు కథలోని పేరా పంపాలి, టీచరు తనవాళ్లకు బడి కథ. నలుగురూ ఒకే సందేశాన్ని ఫార్వర్డ్ చేస్తే నలుగురు కలిసిన లాభం పోయినట్టే.

ముందస్తు బుకింగ్ మూడు వారాలు నడపండి. యూపీఐతో డబ్బు పంపి, చిరునామా రాసినవాళ్లే లెక్క. ‘నాకొకటి ఉంచండి’ అన్నవాళ్లు లెక్కలోకి రారు. మూడు వారాల చివర వచ్చిన సంఖ్యకు సగం కలిపి, అంతే అచ్చు వేయండి. ముందుగా కొన్నవాళ్ల పేర్లు చివరి పేజీలో వేస్తే వాళ్లే ఇంకో ఇద్దరికి చూపిస్తారు.

చదవడం రాని తెలుగువాళ్లు

బరంపురంలో తెలుగు మాట్లాడి, విని ఆనందించి, అక్షరాలు రానివాళ్లను పాఠకుల లెక్కనుంచి తీసేయకండి. ఒక్కో కథనుంచి మూడు నిమిషాల భాగం రచయిత గొంతుతోనే రికార్డు చేసి పంపండి. అట్ట వెనక క్యూఆర్ కోడ్ వేసి, ఒక కథ మొత్తం వినేలా పెట్టండి. ఇంట్లో నాయనమ్మ చదువుతుంది, మనవడు వింటాడు, డబ్బు కొడుకు కడతాడు. ముగ్గురూ మీ పాఠకులే.

ఒడియా పాఠకుల వైపూ ఒక తలుపు తెరవండి. రెండు భాషలూ వచ్చినవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఒక్క కథ ఒడియాలోకి చేయించి స్థానిక ఒడియా పత్రికకు పంపితే, పుస్తకం గురించి ఆ పత్రికలో రెండు వాక్యాలైనా పడతాయి. ఒడియా సాహిత్యాన్ని పురిపండా అప్పలస్వామి వంటివారు తెలుగులోకి తెచ్చారు. గోపీనాథ్ మహంతి నవల ఆయన చేతుల మీదుగానే ‘అమృత సంతానం’ అయింది. ఇటునుంచి అటు వెళ్లే దారిలో పని ఇంకా చాలా మిగిలి ఉంది.

పుస్తకావిష్కరణ సభకు తేదీ ఎంచుకునేటప్పుడు ఊరి క్యాలెండరు చూడండి. ఆగస్టు 29 గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. మన ప్రాంతానికి అంతకన్నా తగిన రోజు లేదు. రెండేళ్లకోసారి వచ్చే బూఢీ ఠాకురాణీ జాతర రోజుల్లో ఊరు వదిలిన బంధువులు ఇళ్లకు చేరతారు. జాతర సందట్లో సభ పెడితే ఎవరూ రారు గానీ, ఇంటింటికీ వెళ్లి పుస్తకం చేతిలో పెట్టడానికి అది మంచి కాలం. సభలో వక్తలు ముగ్గురికి మించకూడదు. శాలువాల ఖర్చు తగ్గించి, రచయితలు తలా నాలుగు నిమిషాలు చదవాలి. అమ్మే బల్ల వెళ్లిపోయే దారిలో గుమ్మం పక్కన ఉండాలి, చిల్లర సిద్ధంగా ఉండాలి. రెండో సభ ఇచ్ఛాపురంలో పెట్టండి. అక్కడ తెలుగు బడులున్నాయి, గ్రంథాలయ శాఖ ఉంది, మీ ఊరినుంచి గంటలోపు ప్రయాణం.

పంపకం

తపాలా నియమాలు ఈమధ్య చాలా మారాయి. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా గరిష్ఠంగా 100, పన్నులు అదనం. విద్యా, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాలకు ఉద్దేశించింది కాబట్టి మీ కథల పుస్తకాన్ని ఆ కింద తీసుకుంటారో లేదో ప్రతి ఒకటి పట్టుకెళ్లి కౌంటరులో ముందే అడగండి. పుస్తకం మీద ముద్రాపకుడి లేదా ప్రచురణకర్త పేరు ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. 2025లోనే రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అందుకని తపాలా ఖర్చును పాత అలవాటుతో అంచనా వేయకండి. వెల వేరు, తపాలా వేరు అని మొదటే చెప్పండి. మూలలు నలగకుండా అట్టముక్క పెట్టి ప్యాక్ చేయండి.

చట్టం ప్రకారం పంపాల్సినవీ ఉన్నాయి. 1954 నాటి గ్రంథాల సమర్పణ చట్టం కింద ప్రచురణకర్త 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కొక్కటి సొంత ఖర్చుతో పంపాలి. నాలుగు ప్రతుల ఖర్చుతో మీ పుస్తకం దేశం దస్తావేజుల్లో ఉంటుంది. ఐదో ప్రతి శ్రీకాకుళం కథానిలయానికి పంపండి. కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన ఆ ఇల్లు తెలుగు కథలకు భాండాగారం. ముప్ఫై ఏళ్ల తర్వాత గంజాం తెలుగు కథ మీద ఎవరైనా పని చేస్తే వెతికేది అక్కడే.

విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో, హైదరాబాదు పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబరులో జరుగుతాయి. ఒక్క పుస్తకానికి సొంత స్టాలు తీసుకోవద్దు, అద్దె రాదు. తెలిసిన ప్రచురణకర్త స్టాలులో పది ప్రతులు ఉంచి, నలుగురిలో ఒకరు సెలవు పెట్టి రెండు రోజులు అక్కడ నిలబడండి. దుకాణాలకు ఇచ్చిన ప్రతులకు రసీదు తీసుకుని, మూడు నెలలకోసారి ఫోను చేయండి. అడగనివాళ్ల డబ్బు ఎవరూ గుర్తుపెట్టుకుని పంపరు.

ఫోను తెర మీద

ప్రతిలిపి వంటి వేదికల్లో తెలుగు సీరియళ్లకు చదువరులున్నారు. గొలుసు నవలను వారానికో అధ్యాయంగా అక్కడ నడిపి, ‘బాసంతి’ తీరున తర్వాత పుస్తకం చేయొచ్చు. కాకపోతే చేరేముందు నియమాలు చదివి, ఆడియో, దృశ్య హక్కుల గురించి ఏం రాసి ఉందో చూడండి. ఒకరి ఖాతాలో నలుగురి రాత పెడుతున్నారు కాబట్టి ఆ సంగతీ ఒప్పందంలో ఉండాలి. అమెజాన్ కిండిల్ 2016లో ఐదు భారతీయ భాషలు చేర్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి గానీ తెలుగు లేదు. అందువల్ల ఏ సంస్థకైనా ఫైలు తయారుచేసే ముందు వాళ్ల భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో చూసుకోండి. కావాల్సినప్పుడే ఒక్కో ప్రతి అచ్చువేసే సంస్థలూ ఉన్నాయి. ప్రతి ధర ఎక్కువ, కానీ దూరప్రాంతపు పాఠకుడికి మీరు పార్సిల్ కట్టే పని తప్పుతుంది. మొదటి ముద్రణ చేతిమీద అమ్మి, అయిపోయాక ఆ దారిలో పెట్టడం ఉద్యోగులకు అనువైన పద్ధతి.

మొదటి నెల

ఇవన్నీ ఒకేసారి చేయలేరు. మొదటి ఆదివారం పుస్తకం రకం తేల్చి, ఒప్పందం చిత్తు రాసుకోండి. రెండో ఆదివారం తలా ముప్ఫై పేర్లు తెచ్చి కలపండి. మూడో వారం ఆఫీసు నియమాలు చదివి లేఖలు ఇవ్వండి, ఎడిటరును అడగండి, మూడు ముద్రణాలయాల ధరలు తెప్పించండి. నాలుగో ఆదివారం మాల పేరు పెట్టి, సంతకాలు చేసి, మొదటి కథకు గడువు తేదీ రాసుకోండి.

పనులు పంచుకునేటప్పుడు ఎవరికి ఏది చేతనవునో చూడండి. లెక్కలు బ్యాంకు మనిషికి, ప్రూఫులు టీచరుకు, పార్సిళ్లు రైల్వే మనిషికి, దుకాణాలు ఊళ్లు తిరిగే మనిషికి. అమ్మకం మాత్రం ఎవరికీ అప్పగించొద్దు. ఎవరి ముప్ఫై పేర్ల బాధ్యత వాళ్లదే. రెండో ఆదివారం నాటికి జాబితాలో వంద పేర్లు కూడా రాకపోతే పుస్తకం మానేయక్కర్లేదు. ఐదో మిత్రుడిని వెతకండి.